ఇద్దరు అలికిన గోడ

ఆ ఆదివారం వార్డు పెద్ద ర్రా మొలెఫి కబురు మోసుకెళ్ళింది నేనే. పంచాయితీ జరిగే ఖోట్లా ఎదురుగా దుకాణం పెట్టుకున్న పాపానికి ఇలాంటి కబుర్లన్నీ నా నెత్తినే పడతాయి. వెళ్ళేసరికి మా పెద్దమ్మ సెయిపోనె వాకిట్లో చాప మీద వెల్లకిలా పడుకుని, రెండు కాళ్ళూ బోర్లించిన బకెట్టు మీద పెట్టుకుని ఉంది. ముందు రోజు శనివారం. మా లెట్లాపెంగ్‌లో శనివారం అంటే ఎవరో ఒకరి అంత్యక్రియలు. చీకటితో లేచి, పెద్ద ఇనుప కుండల పక్కన నిలబడి, ఉడికిన మాంసం దంచి, జొన్న సంకటి గెలికి, వచ్చినవాళ్ళందరికీ పెట్టి, గిన్నెలు తోమి ఇల్లు చేరేసరికి ఆమె చీలమండలు కనబడకుండా వాచిపోయాయి.

"చచ్చిపోయిందని చెప్పు," అంది పెద్దమ్మ, కళ్ళు తెరవకుండానే.

"చెప్తే వచ్చే శనివారం నీ అంత్యక్రియలకి వస్తారు. అక్కడా వంటకి మనుషులు లేరని నిన్నే లేపుతారు," అన్నాను.

ఆమె నవ్వలేదు. మోచెయ్యి కళ్ళ మీద అడ్డం పెట్టుకుంది.

సంగతి ఇది. మా వార్డు తగవులూ పెళ్ళి మాటలూ తేలే ఖోట్లాలో, కొయ్యల దడి లోపల, పాత గుండ్రటి ఇల్లొకటి ఉంది. చాలాకాలం పాడుబడి, కోళ్ళు గుడ్లు పెట్టుకునే చోటుగా మిగిలింది. ఈమధ్య దానికి కొత్త గడ్డి కప్పించారు. నవంబరు మొదట్లో తెగ నాయకుడు, మా పెద్ద ఖోసి, స్వయంగా వచ్చి దాన్ని పూర్వీకుల ఇల్లుగా పదిమందీ చూసేందుకు తెరుస్తాడట. కప్పు కుదిరింది గాని గోడ బోసిగా ఉంది. పాతకాలపు ఇల్లన్నాక గోడకి పేడా చెదపుట్ట మట్టీ కలిపి అలకాలి, తడి ఆరకముందే చేతివేళ్ళతో వంపులు గీయాలి. ఆ గీతల్నే మేం లెఖాఫో అంటాం. ఒకప్పుడు ప్రతి కోడలికీ వచ్చిన పనే. ఇళ్ళన్నీ సిమెంటువయ్యాక ఎవరికీ అక్కర్లేకుండా పోయింది. ఇప్పుడు మా వార్డులో ఆ పని చేతిలో ఉన్నవాళ్ళు ఇద్దరే. ఒకరు పెద్దమ్మ. ఇంకొకరి పేరు నేను నాలుక చివరి దాకా తెచ్చుకుని అక్కడే ఆపేశాను.

పెద్దమ్మ మోచెయ్యి తీసి నావైపు చూసింది. "ఏటవతలి మనిషి కూడానా?"

"గోడ పెద్దదంట. ఒక్కరి వల్ల కాదంట."

ఆమె చూరు వాసాల కేసి చూసింది. తరవాత నడుముకి ఒక చెయ్యి ఆనించి, పక్కకి దొర్లి, మోకాళ్ళ మీద లేచి, అక్కణ్ణించి గోడ పట్టుకుని నిలబడింది. ఈ మధ్య ఆమె లేవడం అలాగే. వార్డు పెద్దని ఇంటిదాకా రప్పించుకుని, ఆయన కుర్చీలో కూర్చుని పొగడ్తలు చెప్తుంటే టీ కాచివ్వడం కన్నా ఆ గోడేదో అలికేయడమే తక్కువ పనని చెప్పింది.

ఏటవతలి మనిషి అంటే గబాయిత్సె. మా పెదనాన్న పేరు లెట్షోలో. ఆయన పడుచువాడుగా ఉన్నప్పుడు సరిహద్దు దాటి వెళ్ళి బంగారు గనుల్లో పనిచేశాడు. అక్కణ్ణించి వచ్చేశాక ఆయనకి రెండు ఇళ్ళయ్యాయి. ఇక్కడ పెళ్ళాం, ముగ్గురు పిల్లలు, పశువులు. ఏటవతల గబాయిత్సె, ఆమె ఒక్కగది ఇల్లు. ఆమెకి పిల్లలు లేరు, పెళ్ళీ లేదు. ఊరందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. పెదనాన్న పోయినప్పుడు పెద్దమ్మ గదిలో గోడకి ఆనించిన పరుపు మీద, నల్లదుప్పటి కప్పుకుని కూర్చుంది. శుక్రవారం సాయంత్రం శవాన్ని ఇంటికి తెచ్చే వేళ ఆడవాళ్ళు పాట పాడుకుంటూ వరసగా గేట్లోకి వస్తున్నారు. ఆ వరస చివర గబాయిత్సె కూడా ఉందని ఎవరో చెప్పారు. భర్త పోయి అలా పరుపు మీద కూర్చున్న మనిషి మాట, ఆ నాలుగు రోజులూ ఎవరూ కాదనరు. పెద్దమ్మ ఒక్క మాటే అంది, ఆ మనిషి గేటు దాటకూడదని. మావాళ్ళు వెళ్ళి చెప్పారు. గబాయిత్సె దారి పక్కన నిలబడి పాట పూర్తయ్యేదాకా ఉండి, ఏరు దాటి వెళ్ళిపోయింది. అప్పట్నించి వాళ్ళిద్దరూ దుకాణంలో ఎదురైతే ఒకరు బయటికెళ్ళేదాకా ఇంకొకరు పప్పుల డబ్బాల కేసి చూస్తూ నిలబడతారు. ఆ డబ్బాలు నావే గనక నాకు తెలుసు.

పని మొదలైన రోజు ఎండ నిప్పులు కక్కింది. ర్రా మొలెఫి గాడిద బండి మీద పేడ, మట్టి తెప్పించి పోయించాడు. కరువు రోజులు, పశువులన్నీ దూరాన మేత దొడ్లలో ఉన్నాయి. పేడ సంపాదించడమే తనకి పెద్ద పనైపోయిందని ఆయన వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పుకున్నాడు. గబాయిత్సె ముందే వచ్చి, పావడా మోకాళ్ళ పైకి దోపుకుని, మట్టి తొక్కుతూ ఉంది. బక్కపలచని మనిషి, మా పెద్దమ్మ కన్నా ఓ నాలుగైదేళ్ళు చిన్న. ఎడమకాలు కొంచెం ఈడుస్తుంది. పెద్దమ్మ దడి లోపలికి వచ్చి, ఖోట్లాలోకి అడుగుపెట్టినవాళ్ళెవరైనా చెయ్యాల్సిన మర్యాదగా గాలిలోకి ఒక దండం పడేసి, చెప్పులు విప్పి, కుప్పకి అటు చివర దిగింది.

మధ్యలో నేను. నీళ్ళు ఇవ్వడానికి, టీ తేవడానికి, మాటలు చేరవెయ్యడానికి.

"పెలోనొమీ, మట్టిలో నీళ్ళు ఎక్కువయ్యాయని ఆవిడకి చెప్పు," అనేది పెద్దమ్మ, ఆవిడ బారెడు దూరంలో ఉండగా.

"పెలోనొమీ తల్లీ, పేడ పాతది, నీళ్ళు తాగుతుందని ఆమెకి చెప్పు," అనేది గబాయిత్సె.

నేను దేన్నీ చేరవెయ్యలేదు. ఇద్దరికీ చెవులున్నాయి. రెండు చెంబులు టీ తెచ్చి, ఇద్దరికీ చెరొక పక్కా పెట్టి, దుకాణానికి పోయి కూర్చునేదాన్ని. అక్కణ్ణించి చూస్తే ఇద్దరు ముసలాళ్ళు ఒకే మట్టిని ఎదురెదురుగా తొక్కుతూ, ఒకరి మొహం ఒకరు చూడకుండా, అలుపొచ్చినప్పుడు మాత్రం ఒకేసారి ఆగేవాళ్ళు.

అడుగుపూత ఆరడానికి రెండు మూడు రోజులు పట్టింది. ఆ తరవాత పైపూత వేసి గీతలు మొదలుపెట్టారు. ఈ పని ఒకరు తలుపుకి కుడివైపు నించి, ఒకరు ఎడమవైపు నించి మొదలుపెట్టి ఇంటి వెనక కలుసుకోవాలి. చెయ్యి చాపినంత మేర అలకడం, వెంటనే నాలుగు వేళ్ళూ ఆనించి వంపు లాగడం, దాని పక్కనే ఇంకో వంపు. ఆగితే మట్టి ఆరిపోతుంది, ఆరితే వేలు దిగదు. నడుం వంచి కింది వరస, నిలబడి పై వరస. మధ్యాహ్నానికి పెద్దమ్మ కింది వరస కూర్చునే చేస్తోంది, తుంటి మీద జరుగుతూ.

నేను టీ తీసుకెళ్ళేసరికి ఇద్దరూ ఇంటి వెనక్కి వచ్చేశారు. మధ్యలో ఇంకా బారెడు గోడ మిగిలి ఉంది. పెద్దమ్మ చెయ్యి గోడ మీదే ఆగిపోయింది. ఆమె గబాయిత్సె చేతికేసి చూస్తోంది. నేనూ చూశాను. గబాయిత్సె వంపు కిందికి లాగి, చివర్లో మణికట్టు తిప్పి, చిటికెన వేలొక్కటే వెనక్కి విరిచి చిన్న కొక్కెంలా వదిలేస్తోంది. ప్రతి వంపు చివరా అదే. పెద్దమ్మ గీసిన ప్రతి వంపు చివరా కూడా అదే. చుట్టుపక్కల ఊళ్ళలో ఇంకెవరి గోడ మీదా నేను ఆ కొక్కెం చూడలేదు. అది మా పెద్దమ్మ అత్తగారి చెయ్యి. కొత్త కోడలుగా వచ్చినప్పుడు ఆవిడ తన వేలు పట్టుకుని నేర్పిందని పెద్దమ్మ మాకందరికీ ఎన్నోసార్లు చెప్పింది.

ఆ రోజు మొదటిసారి ఆమె నన్ను మధ్యలో పెట్టకుండా మాట్లాడింది.

"ఆ వేలు తిప్పడం నీకెవరు నేర్పారు?"

గబాయిత్సె పని ఆపలేదు. "నీకెవరు నేర్పారో వాళ్ళే."

"అబద్ధం. ఆవిడ నీ గడప తొక్కలేదు."

"తొక్కింది మ్మా. నాకు జబ్బు చేసినప్పుడు అంబలి కాచుకుని తెచ్చింది. అక్కడే ఉండి నా వాకిలి అలికింది. నేను లేచాక నాకు నేర్పింది. తరవాత కూడా వచ్చేది. నీకు చెప్పద్దంది, చెప్పలేదు. ఇప్పుడు నువ్వడిగావు గనక చెప్పాను."

పెద్దమ్మ చేతికున్న మట్టి గోడకే తుడిచింది. గీసిన రెండు వంపులు దాంతో చెరిగిపోయాయి. చెప్పులు చేత్తో పట్టుకుని, బురద కాళ్ళతోనే దడి దాటి వెళ్ళిపోయింది. గబాయిత్సె మిగిలిన బారెడూ తానే అలికి, చెరిగిన చోట మళ్ళీ గీసి, ఆరిపోతోందని గబగబా నీళ్ళు చిలకరించుకుంటూ పూర్తిచేసింది.

మర్నాడు పెద్దమ్మ రాలేదు. ఇంకా వాకిలి చుట్టూ ఉన్న పిట్టగోడ అలకాల్సి ఉంది. ర్రా మొలెఫి చేతికర్ర పట్టుకుని ఆమె ఇంటికి వెళ్ళాడు. అరుగు మీద కూర్చుని వార్డు పరువు గురించి, పెద్ద ఖోసి గురించి, ఆమె అత్తగారి మంచితనం గురించి చాలాసేపు చెప్పాడట. అత్తగారి పేరు ఎత్తేసరికి పెద్దమ్మ లేచి ఇంట్లోకి వెళ్ళి తలుపేసుకుందట. ఏమన్నానని ఇలా చేసిందంటూ ఆయన నా దుకాణానికి వచ్చి శీతలపానీయం తాగుతూ వాపోయాడు. నేను డబ్బాలు సర్దుకుంటూ విన్నాను.

సాయంత్రం నేను వెళ్ళేసరికి ఆమె పొయ్యి ముందు కూర్చుని ఉంది. పొయ్యిలో నిప్పు లేదు. నేను అడక్కుండానే చెప్పింది. పెదనాన్న సంగతి తనకి ఎప్పుడూ తెలుసని, మగాళ్ళ సంగతి అంతేనని, దానికి ఏడ్చేసి ఏడ్చేసి ఎప్పుడో ఊరుకున్నానని. అత్తగారు మాత్రం తన మనిషే అనుకుందట. చివరి రోజుల్లో ఆవిణ్ణి ఎత్తి, కడిగి, తినిపించింది తనే. ఆ ముసలావిడ ఏరు దాటి వెళ్ళి అక్కడి వాకిలి కూడా అలికి వచ్చి, మళ్ళీ తన చేతి సంకటే తిని, ఏమీ జరగనట్టు పడుకునేదన్నమాట. ఇదంతా ఆమె కోపంగా చెప్పలేదు. బరువు దింపడానికి చోటు దొరకనివాళ్ళు మాట్లాడినట్టు, ఆగి ఆగి చెప్పింది.

"రేపు వెళ్తావా?" అని అడిగాను.

"వెళ్ళకపోతే మొలెఫి మళ్ళీ వస్తాడు," అంది.

వెళ్ళింది. ఆ రోజు ఇద్దరూ ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు, నా ద్వారా కూడా. పిట్టగోడ సగమయ్యేసరికి పడమట ఆకాశం నల్లబడింది. నెలల తరబడి చూసి చూసి అందరం ఆశ వదులుకున్న వాన, రావాల్సిన రోజుల్లో రాకుండా, సరిగ్గా ఆ మధ్యాహ్నం వచ్చిపడింది. ముందు దుమ్ము లేచింది, తరవాత పెద్ద పెద్ద చినుకులు. నేను దుకాణం తలుపేసి, ఇద్దరికీ పాలిథీన్ పట్టా ఒకటి తీసుకుని పరిగెత్తేసరికి అంతా అయిపోయింది. గాలి పడమటి నించి ఏటవాలుగా కొట్టడంతో కొత్త గడ్డి కప్పు చూరు ఏమీ ఆపలేకపోయింది. పడమటి వైపు గోడ మీది పచ్చి పూత మొత్తం జారి, ఎర్రటి బురదగా నేల మీద పారుతోంది. వాళ్ళిద్దరూ గుండ్రటి ఇంట్లో, గడప లోపల, చెరొక పక్కా కూర్చుని ఆ బురదని చూస్తున్నారు. నేనూ లోపలికి దూరి మధ్యలో చతికిలబడ్డాను.

"మంచి వాన," అంది గబాయిత్సె కొంతసేపటికి.

"మంచిదే. పొలాలకి," అంది పెద్దమ్మ.

అంతే, ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. సంతోషపు నవ్వు కాదు. చేసిన పనంతా కళ్ళముందే కొట్టుకుపోతుంటే, మళ్ళీ చెయ్యాలని తెలిసి, ఏడవడానికి కూడా ఓపిక లేనప్పుడు వచ్చే నవ్వు. నవ్వి నవ్వి పెద్దమ్మకి దగ్గొచ్చింది. గబాయిత్సె తన చెంబులోని చల్లారిన టీ ఆమె వైపు జరిపింది. పెద్దమ్మ తీసుకుని తాగింది.

వాన హోరులో గబాయిత్సె మెల్లిగా మాట్లాడింది. నేను దగ్గరగా ఉన్నాను గనక విన్నాను. ముసలావిడ విషయం దాచినందుకు తనకీ బాగాలేదంది. ఆవిడ వచ్చేది తన మీద ప్రేమతో కాదని, కొడుకు ఎక్కడ తింటున్నాడో ఎక్కడ పడుకుంటున్నాడో చూసుకోవడానికని చెప్పింది. "నన్ను చూసి ఎప్పుడూ నవ్వలేదు. మట్టి తొక్కడం రాదని తిట్టేది. నీ పేరు చెప్పి తిట్టేది. సెయిపోనె అయితే ఇలా చెయ్యదు, సెయిపోనె అయితే ఈపాటికి పూర్తిచేసేది, అని. నీ మీద నాకున్న మంటలో సగం ఆవిడ పెట్టిందే."

పెద్దమ్మ వింటోందని తెలుస్తూనే ఉంది.

"ఒకటడుగుతాను మ్మా. కాదంటే కాదను. ఆయన్ని పెట్టిన చోటు నేను చూడలేదు."

ఇది పెద్ద మాటే. ఎందుకంటే పెదనాన్నని ఊరి శ్మశానంలో పెట్టలేదు. పాతకాలపు మగవాళ్ళలాగా తన పశువుల దొడ్డిలోనే పెట్టమని ఆయన ముందే చెప్పుకున్నాడు, పెద్దలు ఒప్పుకున్నారు. ఆ దొడ్డి మా పెద్దమ్మ ఇంటి వెనక, ఆమె కంచె లోపల ఉంది. శ్మశానమైతే ఎవరూ చూడని వేళ ఎవరైనా వెళ్ళొచ్చు. ఇక్కడికి రావాలంటే ఆ గేటు దాటాలి.

"ఇన్నాళ్ళూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నావా, పని మధ్యలో?" అంది పెద్దమ్మ.

"ఎప్పుడడగను? దుకాణంలో డబ్బాల ముందు అడగనా?"

పెద్దమ్మ వాన తెరిపిచ్చాక లేచి, గడప బయట బురదలో కాలు పెట్టి, ఈ మట్టి మళ్ళీ పనికొస్తుంది, తీసి కుప్ప వెయ్యాలని మాత్రం అంది.

పడమటి గోడ వాళ్ళు మళ్ళీ మొదటి నించి చేశారు. పేడ సరిపోక నేనే నా దుకాణానికి సరుకు తెచ్చే వ్యాన్‌లో పక్క ఊరి నించి రెండు గోతాలు తెచ్చిపెట్టాను. ఆ వ్యాన్ వాసన ఇప్పటికీ పోలేదు. గబాయిత్సె కాలు ఇంకా ఎక్కువ ఈడుస్తోంది. పెద్దమ్మ చేతివేళ్ళ సందుల్లో పగుళ్ళొచ్చి నెత్తురు కారింది. రాత్రిళ్ళు వాసెలీన్ రాసి గుడ్డ చుట్టుకునేది. మాటలు అవసరానికే. అయితే ఇప్పుడు నేను మధ్యలో లేను. "కొంచెం అటు జరుగు," "చెంబు అందుకో," "ఆ పైది నేను గీస్తాలే, నీకు అందదు" ఇలాంటివి. చివరి బారెడు దగ్గర ఇద్దరి చేతులూ ఒకే తడి మీద ఆడాయి. ఎవరి వంపు ఎక్కడ ఆగిందో నాకు తెలియలేదు, వాళ్ళకీ తెలిసుండదు.

గోడ బాగుంది. ఆరిన తరవాత ఆ ఎర్రటి వంపుల మీద పొద్దున ఎండ పక్కనించి పడితే, గాలికి వంగిన గడ్డిలా కనబడేది. ఊళ్ళో కొంతమంది పనిగట్టుకుని వచ్చి చూసి వెళ్ళారు.

ఇల్లు తెరిచే పండగకి ముందు సాయంత్రం పట్నం నించి లారీలో పెద్ద తెల్ల గుడారం వచ్చింది. ఖోట్లాలో నీడున్న చోటల్లా కార్లకి వదిలేసి, గుడారాన్ని గుండ్రటి ఇంటికి ఆనించి వేశారు. దాని వెనక తెర సరిగ్గా గోడని కప్పేసింది. తలుపు పక్కన రెండు మూరల మేర మాత్రం కనబడుతోంది. అక్కడ మైకు పెట్టె పెట్టారు. ర్రా మొలెఫి తల పట్టుకున్నాడు గాని, గుడారం వాళ్ళు అప్పటికే మేకులు దిగ్గొట్టి వెళ్ళిపోయారు.

పెద్ద ఖోసి వచ్చాడు. ప్రార్థన, పాటలు, నాట్యాలు, ఒకరి తరవాత ఒకరు మాటలు. పూర్వీకుల చేతిపనుల గురించి చాలా మాట్లాడారు. చివర్లో వార్డు తల్లులందరికీ కృతజ్ఞతలన్నారు, చప్పట్లు కొట్టారు. పెద్దమ్మ, గబాయిత్సె ఇద్దరూ గుడారంలో కూర్చోలేదు. నీలం అచ్చు గౌన్లు వేసుకుని, భుజాన శాలువాలు కప్పుకుని వచ్చారు గాని, వెనక కుండల దగ్గర మనుషులు తక్కువయ్యారని అక్కడికి పోయారు. నేను పళ్ళేలు తీసుకెళ్ళేసరికి మాంసం దంచడం అయిపోయి, ఇద్దరూ గుడారం తెర వెనక, తాము అలికిన గోడకీ ఆ తెరకీ మధ్య సందులో, నీడ ఉందని, రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. గోడ మీద ఎవరిదో కుర్చీ వీపు రాసుకుని వంపుల మీద పొడుగాటి గీరలు పడ్డాయి. లోపల ఎవరో అతిథి వెనక్కి వాలినప్పుడల్లా తెర ఉబ్బి వాళ్ళ మొహాలకి తగులుతోంది.

"మనం చేసింది మనమే చూస్తున్నాం," అంది గబాయిత్సె నోట్లో సంకటి పెట్టుకుని.

"చూడ్డానికైనా కళ్ళు తెరవాలి కదా. నాకు ఓపిక లేదు," అంది పెద్దమ్మ. నిజంగానే కళ్ళు మూసుకుని నములుతోంది.

గిన్నెలు కడగడం పూర్తయ్యేసరికి పొద్దు వాలింది. ముగ్గురం కలిసే బయలుదేరాం. దారి చీలే చోట ఎడమవైపు ఏటికి పోతుంది, కుడివైపు పెద్దమ్మ ఇంటికి. గబాయిత్సె వెళ్ళొస్తానని చెప్పి రెండడుగులు వేసింది.

పెద్దమ్మ ఆగింది. "చెప్పులు పాడవుతాయి, దొడ్డంతా బురద. ఫర్వాలేదనుకుంటే రా," అంది. అని వెనక్కి చూడకుండా నడిచింది.

గేటు పెద్దమ్మే తీసింది. గబాయిత్సె గేటు దగ్గర కాస్త తటపటాయించి లోపలికి వచ్చింది. ఇంటి పక్కగా వెనక్కి వెళ్ళాం. దొడ్డి ముళ్ళకంప సగం కూలిపోయి ఉంది. పశువులు కరువులో పోగా, ఇప్పుడు అందులో మేకలు కడుతున్నారు. ఆ వేళకి మేకలింకా మేతలోనే ఉన్నాయి. ఒక మూల, ఆవులు కట్టే పాత గుంజ పక్కన, రాళ్ళు పేర్చిన మట్టిదిబ్బ. పేరు రాసిన పలకేదీ లేదు. వానకి దాని చుట్టూ పచ్చగా కలుపు లేచింది.

గబాయిత్సె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. దిబ్బ పక్కన నేల మీద కూర్చుని, కాళ్ళు చాపుకుని, చేతికందిన కలుపు మొక్కలు ఒకటొకటే పీకి పక్కన వేసింది. ఏదో అంది, మరీ మెల్లిగా. తరవాత గుంజకి వీపు ఆనించింది. పెద్దమ్మ నన్ను చెయ్యి పట్టుకుని ఇవతలికి లాగింది. మేం వాకిట్లోకొచ్చి చాప మీద కూర్చున్నాం. పెద్దమ్మ కాళ్ళు తిమ్మిరెక్కాయంటే నేను నొక్కాను. కొంతసేపటికి అలికిడి లేదేమిటని నేను వెళ్ళి చూశాను. గబాయిత్సె గుంజకి ఆనుకుని, తల పక్కకి వాల్చి, నోరు కొంచెం తెరిచి, గాఢంగా నిద్రపోతోంది. ఒళ్ళో పీకిన కలుపు అలాగే ఉంది.

వచ్చి చెప్పాను. పెద్దమ్మ ఇంట్లోకి వెళ్ళి దుప్పటి తెచ్చి, తనే వెళ్ళి కప్పి వచ్చింది. లేపలేదు. పొయ్యి రాజేసింది, అంబలి పెట్టింది. మేకలు వచ్చి దొడ్డి వాకిట్లో గుంపుగా అరుస్తూ నిలబడేదాకా గబాయిత్సె లేవలేదు. ఆ గోలకే లేచింది. సిగ్గుపడుతూ దుప్పటి మడత పెట్టి తెచ్చి, ఎంతసేపు పడుకున్నానని అడిగింది.

"ఏమో. మేం లెక్కపెట్టలేదు," అంది పెద్దమ్మ. "అంబలి తాగి పో. ఖాళీ కడుపుతో ఏరు దాటకు."

తాగింది. ఉప్పు తక్కువైందంది. పెద్దమ్మ ఉప్పు డబ్బా ఆమె ముందు పెట్టింది. దీపాలు పెట్టే వేళకి ఆమె వెళ్ళిపోయింది, నేను దారి దాకా సాగనంపాను.

మా ఊళ్ళో ఏదీ దాగదు. రెండు రోజుల్లో ఫ్రాన్సిస్‌టౌన్ ఆసుపత్రిలో నర్సుగా చేసే పెద్దమ్మ కూతురు గలెబోయెకి తెలిసింది. తల్లికి ఫోను లేదు గనక నా దుకాణానికి చేసింది. ముందు నన్నే కడిగేసింది, నువ్వు పక్కనే ఉండి ఎలా చూస్తూ ఊరుకున్నావని. అంత్యక్రియలప్పుడు మా అమ్మ పడిన అవమానం నువ్వు మరిచిపోయావా అంది. నేను మరిచిపోలేదు. అప్పుడే దుకాణానికొచ్చిన పెద్దమ్మ చేతికి ఫోను ఇచ్చాను. ఆమె బియ్యం బస్తా మీద కూర్చుని, కూతురు చెప్పిందంతా అడ్డు చెప్పకుండా విన్నది. అటునించి గొంతు నాకూ వినిపిస్తోంది. నాన్న సమాధి దగ్గరికి ఆమెని ఎలా రానిచ్చావమ్మా, ఇన్నేళ్ళు కాపాడింది ఇందుకా, అని ఏడుస్తోంది.

"రానిచ్చాను," అంది పెద్దమ్మ. "కూర్చుంది. నిద్రపోయింది. అంబలి తాగి వెళ్ళింది. అంతే గలెబోయె. నువ్వు రాత్రి డ్యూటీ చేసొచ్చావు, గొంతు బొంగురుపోయింది. పడుకో."

అటువైపు ఇంకా ఏదో అంటుంటే, ఆమె మెల్లిగా ఫోను నాకు తిరిగిచ్చి, లేవడానికి చెయ్యి అందించమంది. నేను లేపాను. శనివారం ఎవరివో అంత్యక్రియలున్నాయని, పెద్ద కుండలు మోయడానికి మనుషుల్ని చూడాలని చెప్పి ఎండలోకి వెళ్ళిపోయింది.